చెవికెక్కిన పద్యం

మా ఇంట్లో నెల్లాళ్లపాటు ఒక యుద్ధం జరిగింది. ఒక పక్షాన పోస్టుమాస్టరుగా చేసి రిటైరయిన మా నాన్నగారు, వయస్సు డెబ్భై ఎనిమిది. రెండో పక్షాన ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అమ్మాయి. రణరంగం మా రెండు గదుల ఇల్లు. సాయంకాలం దీపాలు పెట్టేవేళకు నాన్నగారు వాలుకుర్చీలో చేరబడి ఫోనులో ఘంటసాల పద్యాలు పెట్టుకుంటారు. పెట్టుకుంటారంటే తమ ఒక్కరికోసమే కాదు. వీధి మొగలో ఇస్త్రీబండి దగ్గర నిలబడ్డవాడు కూడా "మాస్టారింట్లో ఇవాళ పుష్పవిలాపం" అని చెప్పగలిగేటంత గట్టిగా. సరిగ్గా ఆ వేళకే మా అమ్మాయి రసాయనశాస్త్రం ముందేసుకుని కూర్చుంటుంది. కరుణశ్రీగారి పద్యమూ గొప్పదే, కర్బన రసాయనమూ గొప్పదే. రెండూ ఒక కప్పు కింద ఇమడవు.

"తాతయ్యా, కాస్త తగ్గించవూ?" అని అది అడగడం, ఆయన తగ్గించినట్టే తగ్గించి పావుగంటలో మళ్లీ పెంచడం, అది పుస్తకం విసురుగా మూయడం. మా అమ్మ వంటింట్లోంచి "ఆయనకి నా మాటే చెవికెక్కదు, నీ మాట ఎక్కుతుందిటే!" అని నిట్టూర్చడం. రోజూ ఇదే భాగవతం.

ఇల్లాంటి తగాదాల్లో తీర్పు చెప్పడం కన్నా నాలుగు రూపాయలు ఖర్చుపెట్టుకోవడం సుఖం. అంచేత చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు కొందామనుకున్నాను. తీగ వున్నవే సుమండీ. తీగ లేనివి బజారు నిండా వున్నాయిగాని, వాటికి రోజూ ఛార్జింగు పెట్టాలి, చూడబోతే గచ్చకాయలంత వుంటాయి. నాన్నగారు కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతకడానికే మా ఇంట్లో రోజుకో పూట పడుతోంది.

బజారులో కుర్రాడు అయిదువందల రూపాయిల జత ఒకటి చూపించాడు. "బేస్ అదిరిపోద్దండి సార్" అన్నాడు. అక్కడే చెవిలో పెట్టుకుని చూశాను. అదిరిపోయిన మాట నిజమే. గాయకుడి గొంతు డోళ్ల మధ్య చిక్కుకున్న బాటసారిలా వుంది. సరే, పెద్దాయనకి ఇది చాలుననుకుని (ఈ అనుకోవడంలో వున్న తప్పు తర్వాత తెలిసింది) ఇంటికి తెచ్చి ఆయన చెవుల్లో పెట్టి ఒక పాత కచేరీ వినిపించాను. ఆయన రెండు నిమిషాలు విని, తీసేసి, "మృదంగం ఏదిరా? ఎవరో అట్టపెట్టె మీద గోళ్లతో కొడుతున్నట్టుంది" అన్నారు.

ఇదేమి విచిత్రం! నా చెవికి డోళ్లు ఎక్కువైన వస్తువు ఆయన చెవికి మృదంగమే లేదంటోంది. వస్తువు ఒకటే, పాట ఒకటే. ఈ చిక్కుముడి నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదంటే అతిశయోక్తిగాని, మూడు సాయంకాలాలు మాత్రం దీనికే పోయాయి.

మీరు ఏ అంగడికి వెళ్లినా, ఏ ప్రకటన చూసినా, లోపల డ్రైవరు ఎన్ని మిల్లీమీటర్లో, ఎన్ని డ్రైవర్లున్నాయో, ఎన్ని వేల హెర్ట్జ్‌ల దాకా పలుకుతుందో చెబుతారు. మీ చెవికి పడుతుందా అని ఒక్కరూ అడగరు. చెప్పులు కొనేటప్పుడు నంబరు అడుగుతాడు, చొక్కా కొనేటప్పుడు మెడ కొలుస్తాడు. చెవి మాత్రం అందరికీ ఒకటేనని ఈ వ్యాపారస్తుల నమ్మకం.

అసలు సంగతి ఇది. చెవి రంధ్రం దాదాపు ఇరవై అయిదు మిల్లీమీటర్ల పొడవుండే వంకర గొట్టం. ఈ బుడిపెను అందులో పెట్టినప్పుడు దాని రబ్బరు టోపీ గొట్టం గోడకు చుట్టూ అంటుకుని గాలి చొరకుండా మూయాలి. సైకిలు పంపులో వాషరు అరిగితే ఎంత కొట్టినా గాలి ఎక్కదు చూడండి, అల్లాగే టోపీ పక్కన వెంట్రుకవాసి సందున్నా మంద్రస్వరం, అనగా మృదంగం ఎడమవైపు గుమ్మనే ధ్వని, ఆ సందులోంచి జారిపోతుంది. పైస్వరాలకు అంత నష్టం రాదు. అందుకే నాన్నగారికి మృదంగం పోయి గోళ్ల చప్పుడు మిగిలింది. ఆ జత మీద మామూలుగా వచ్చే మధ్యరకం టోపీలున్నాయి. నా చెవికి అవి సరిగ్గా పట్టాయి, ఆయనకు పట్టలేదు. చిన్నవి రెండూ, పెద్దవి రెండూ పెట్టె అడుగున చిన్న సంచిలో అల్లాగే పడివున్నాయి. మీ ఇళ్లల్లోనూ ఆ సంచి విప్పకుండానే చెత్తబుట్టలో పడివుంటుందని నా అనుమానం.

ఇంకో సంగతి. మంద్రం వినబడకపోతే మనిషి ఏం చేస్తాడు? ధ్వని పెంచుతాడు. మంద్రం ఎల్లాగూ రాదు, మిగిలినదంతా చెవిని పోటు పొడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ల దగ్గర. అదే 90కి పోతే వారం మొత్తానికి నాలుగు గంటలే. డెసిబెళ్లు పది పెరిగేసరికి గంటలు పదోవంతుకు దిగిపోయాయి. టోపీ నంబరు తప్పితే పోయేది మృదంగం ఒక్కటే కాదన్నమాట.

అప్పటికి నాకు పట్టుదల పెరిగింది. ఈ విద్యలో పేరున్న చవకరకాలు రెండు తెప్పించాను. ఒకటి మూన్‌డ్రాప్ వారి చూ 2. రెండోది సెవెన్ హెర్ట్జ్ వారి జీరో 2. దీని స్వరం కుదర్చడంలో క్రినాకిల్ అనే పేరుతో రాసే విమర్శకుడి చెయ్యి వుంది. రెండూ 2023లో వచ్చినవే, రెండూ చైనావే, రెండింట్లోనూ పది మిల్లీమీటర్ల డ్రైవరు ఒక్కటే. నేను కొన్ననాడు రెండు వేల రూపాయిలకు అటూ ఇటూగా పడ్డాయి. తీగ తెగితే తీగ ఒక్కటే మార్చుకోవచ్చు, ఇది మధ్యతరగతివాడు గమనించవలసిన గుణం. ఇంతకన్నా పైకి పోవడం నాకు అనవసరమనిపించింది. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూసి, అవి స్వరాలను పలికే తీరుకూ వాటి ధరకూ సంబంధం కనబడలేదని ప్రకటించాడు. జేబు పలచగా వున్నవాడికి ఇంతకన్నా ఊరట కలిగించే శాస్త్రవాక్యం వుండదు.

పరీక్షకు నాకు తెలిసిన విద్యనే వాడాను. శబ్దశాస్త్రం నాకేం తెలుస్తుంది? వర్ణమాల తెలుసు. ఇరవై ఏళ్లుగా పిల్లల చేత శ, ష, స వేరువేరుగా పలికించలేక తంటాలు పడుతున్నవాణ్ణి. వాళ్లు పలకకపోయినా ఘంటసాల పలికాడు గదా! ఊష్మాలు తేటగా విడిపడుతున్నాయా, లేక మూడూ కలిసి పాము బుసకొట్టినట్టున్నాయా? వత్తులు వత్తుల్లా వున్నాయా? ఇయర్‌ఫోను మంచిచెడ్డలు ఇక్కడ తేలిపోతాయి. అచ్చుల బలం కిందిస్వరాల్లో వుంటుంది, ఊష్మాల బలం బాగా పైన, అయిదారు వేల హెర్ట్జ్‌లూ ఆ పైనా. అక్కడ ఎక్కువైతే సకారం సూదిలా దిగుతుంది, తక్కువైతే పద్యం నోట్లో దూది పెట్టుకుని చదివినట్టుంటుంది.

అయిదువందల జతలో మంద్రం పొంగి అచ్చుల మీదికి వచ్చేసింది. పద్యం వినబడుతుందిగాని మాట తెలియదు. చూ 2లో అక్షరం మెరుస్తుంది. శషసలు మూడూ మూడు తలుపుల్లోంచి వచ్చినట్టు వస్తాయి. అయితే కొత్త సినిమాపాట గట్టిగా పెడితే ఆ మెరుపు కాస్త ఎక్కువనిపిస్తుంది. జీరో 2లో గొంతు మెత్తగా, నిండుగా వుంటుంది, కింద తంబురా పరిచినట్టుంటుంది. అక్షరం అంత పదునుగా కాకపోయినా ఎంతసేపు విన్నా చెవి అలసిపోదు. పద్యానికి మొదటిది, కచేరీకి రెండోది అని నా తీర్పు. అమ్మాయి తీర్పు వేరు. దానికి జీరో 2 చాలుట, పద్యం దాకా రానక్కర్లేదుట.

ఇక చెవిలో కుదరడం. చూ 2 ఒడలు లోహం, చిన్నది. జీరో 2 ప్లాస్టిక్కు, తేలిక, కాని కాస్త వెడల్పు. రెండింటికీ తీగను చెవి పైనుంచి వెనక్కి తిప్పాలి. కళ్లజోడు పెట్టుకునేవారికి ఇక్కడో ఇబ్బంది వుంది. జోడు కాడా, తీగా ఒకే చోటికి పోటీపడతాయి. ముందు తీగ, తర్వాత జోడు, ఇదీ వరస. తిరగేస్తే జోడు తీసినప్పుడల్లా బుడిపె వూడివస్తుంది. పెట్టేటప్పుడు రెండోచేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగితే ఆ వంకర గొట్టం తిన్నగా అయి బుడిపె చక్కగా కూర్చుంటుంది. పూర్వం మేష్టర్లు చెవి మెలిపెట్టింది ఇందుకేనేమో, మనం అపార్థం చేసుకున్నాం.

టోపీ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పాత పాటలే మంచివని నా అనుభవం. మాయాబజార్ (1957) నాటి రికార్డులన్నీ మోనో, అనగా రెండు చెవులకూ ఒకే ధ్వని వస్తుంది. రెండు టోపీలూ సరిగ్గా పడితే గాయకుడు మన నుదుటి వెనక, నడిమధ్య నిలబడి పాడతాడు. ఒక టోపీ వదులైతే రెండో పక్కకు జరుగుతాడు. నాకు ఘంటసాల ఎడమపక్కకు జరిగాడు. కుడివైపు పెద్ద టోపీ వేశాను, మధ్యకు వచ్చాడు. నలభై అయిదేళ్లుగా నా చెవులు రెండూ ఒక కొలతవి కావని అప్పుడే తెలిసింది.

నాన్నగారికి చిన్న టోపీలు వేశాం. మృదంగం వచ్చింది. ఆయన మొహం వికసించింది. "ఇదీ!" అన్నారు. కాస్సేపయ్యాక మాత్రం, "కాని ఈయన నా కుడిచెవి దగ్గర నిలబడి పాడుతున్నాడేమిట్రా?" అన్నారు.

ఎడమవైపు టోపీ మార్చాను. చిన్నది, మధ్యరకం, నొక్కి పెడితే లోపల వుబ్బే స్పంజివి, అన్నీ అయ్యాయి. ఘంటసాల కదలలేదు. ఇయర్‌ఫోనుదే దోషమేమో చూద్దామంటే, ఈ రెండు జతలూ కుడిదానికి కుడి, ఎడమదానికి ఎడమగా మలిచినవి, తిరగేసి పెట్టడం కుదరదు. అప్పుడు పనికివచ్చింది, నేను తిట్టిపోసిన అయిదువందల జత. దాని బుడిపెలు తిన్నగా, రెండూ ఒకేలా వుంటాయి. చిన్న టోపీలు వేసి, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ పెట్టి అదే పద్యం వినిపించాను. లోపం వస్తువుదైతే పాట ఇవతలికి రావాలి.

"కుడిపక్కే" అన్నారు నాన్నగారు.

నేనేమీ అనలేదు. అమ్మాయి పుస్తకం మీదనుంచి తల ఎత్తి చూసింది. ఆయన తీగను వేలికి చుట్టుకుంటూ, "ఏడాదయిందిలే" అన్నారు, పోస్టుకార్డు ఆలస్యంగా అందిన సంగతి చెప్పినట్టు.

మర్నాడు చెవి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఎడమచెవిలో గులిమి గట్టిపడి గొట్టం మూసుకుంది. అది తీశాక గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ పైస్వరాలు వయస్సుకు తగ్గట్టు తగ్గాయిట. ఎడమవైపు ఇంకాస్త ఎక్కువట. ముసలితనంలో ముందు పోయేవి ఆ పైస్వరాలే, అనగా నా శషసలే. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఆయన ఫోను అంత గట్టిగా పెట్టింది మృదంగం కోసం కాదు, మాట కోసం. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూసి వినికిడి యంత్రం సంగతి ఆలోచిద్దామన్నారు డాక్టరుగారు. ఇయర్‌ఫోన్లు మానమనలేదు; ధ్వని సగం దాటనివ్వవద్దనీ, టోపీలు వారానికోసారి కడిగి ఆరబెట్టమనీ చెప్పారు.

ఇంటికి వచ్చి ఈ కథంతా అమ్మకు చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ విన్నది. మా ఇంట్లో నాన్నగారి వాలుకుర్చీ కిటికీ పక్కన. అమ్మ కూర్చునే పీట దానికి ఎడమవైపు, గోడవార. నాకు జ్ఞానం వచ్చినప్పటినుంచీ వాళ్లు కూర్చునే తీరు అదే. ఏడాదిగా ఆవిడ ఆ పీట మీద కూర్చుని కూర ఏం చేయమంటారని అడుగుతోంది, ఆయన పలకడం లేదు. కోపమనుకుంది.

ఇప్పుడు చూ 2 నాన్నగారిది, అక్షరం మెరుస్తుంది గనక. చిన్న టోపీలు, ముందు తీగ, తర్వాత కళ్లజోడు. జీరో 2 అమ్మాయి పట్టుకుపోయింది. అయిదువందల జత నా బల్ల సొరుగులో వుంది. గులిమి తీశాక ఘంటసాల కుడిచెవి వదిలి ఇవతలికి వచ్చాడుగాని, నడిమధ్యకు మాత్రం రాలేదుట.

నిన్న సాయంకాలం కాలేజీనుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా వుంది. నాన్నగారు కళ్లు మూసుకుని వింటున్నారు. అమ్మ పీట గోడవార లేదు. కిటికీవైపు, ఆయన కుడిచేతి పక్కకు వచ్చింది. ఆవిడ ఆయన భుజం మీద తట్టి, కుడిచెవిలో బుడిపె తనే తీసి, "దొండకాయ వేపుడా, పులుసా?" అని అడిగింది.

"పులుసు" అన్నారు ఆయన. "ఇవాళ కాస్త చింతపండు తగ్గించు. ఏడాదినుంచి చెబుదామనుకుంటున్నాను."