పాఠకుల ఆగ్రహానికి సరైన గురి ఏది?

బొమ్మల కథల పుస్తకాలు పిల్లల కాలక్షేపమనీ, వాటి గొడవలతో కార్మికులకు నిమిత్తం లేదనీ తలచేవారు మనలో పలువురున్నారు. ఆ పుస్తకాల వెనుక కూడా కలమూ కుంచే పట్టిన శ్రామికులున్నారని వారికి గుర్తు చేయదలచాము.

అమెరికాలో 2017 నుండి ‘కామిక్స్‌గేట్’ అనే పేరుతో కొందరు పాఠకులు ఆందోళన సాగించారు. కథలలోకి రాజకీయాలు చొరబడ్డాయనీ, స్త్రీలకూ నల్లజాతివారికీ చోటు పెరిగి పాత వీరులు మరుగున పడ్డారనీ వారి అభియోగం. నచ్చని పుస్తకాన్ని కొనకపోవడం, విమర్శించడం పాఠకుని హక్కు. దానిని మేము కాదనము. కాని ఆ ఆగ్రహం యజమానులను విడిచి, రచయిత్రులనూ చిత్రకారులనూ చిరుద్యోగులనూ వేధించేందుకు దిగజారింది.

రాజకీయాలు కొత్తగా వచ్చాయనడమూ సత్యదూరమే. 1941 మార్చి తేదీతో వెలువడిన ‘కెప్టెన్ అమెరికా’ తొలి సంచిక ముఖచిత్రం మీదనే కథానాయకుడు హిట్లర్ దవడపై గుద్దాడు. అమెరికా యుద్ధంలోకి దిగినది ఆ సంవత్సరం డిసెంబరులో.

అసలు రాజకీయం హక్కులు ఎవరివనే ప్రశ్నలో ఉన్నది. సూపర్‌మాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షూస్టర్ 1938లో 130 డాలర్లకు సర్వహక్కులూ వ్రాసి ఇచ్చారు. పాత్ర కోట్లు ఆర్జించింది; వారు లేమిలో మిగిలారు. 1975లో వారి గోడు పత్రికలకెక్కగా నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వంటి తోటి చిత్రకారులు అండగా నిలిచారు. ఆ ఏడాది ముగియక ముందే కంపెనీ దిగివచ్చింది. ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్ల పింఛను ఇచ్చేందుకు, కథలపై వారి పేర్లు తిరిగి వేసేందుకు అంగీకరించింది. 1980లలో జాక్ కిర్బీ తాను గీసిన మూలచిత్రాలను కోరినప్పుడు కళాకారులతో పాఠకులూ గొంతు కలిపారు. 1987లో వాటిలో కొంత భాగం ఆయనకు దక్కింది.

2021లో ఇమేజ్ కామిక్స్ ఉద్యోగులు సంఘం పెట్టుకొని, అక్కడి కమ్యూనికేషన్స్ కార్మికుల సంఘంతో చేయి కలిపారు. 2022 జనవరిలో ఓటింగు నెగ్గి గుర్తింపు పొందారు.

ఉత్తరం ఆలస్యమైతే పోస్టుమాన్‌ను, బండి ఆలస్యమైతే స్టేషన్ మాస్టరును తిట్టడం మనకు అనుభవైకవేద్యమే. ఖాళీలను భర్తీ చేయని పెద్దలు తిట్టేవారి కంటికి కానరారు. కామిక్ పాఠకుల కోపమూ అటువంటిదే. అది పనివాని మీద పడితే యజమానికి నష్టం లేదు. పనివాని పక్షాన నిలిస్తే యజమాని దిగిరాక తప్పదు. 1975 నేర్పిన పాఠమిదే.