దోషిని వీడియో తేల్చదు
2022 నవంబరు 12న అమెరికాలోని డాలస్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల ప్రదర్శన జరుగుతుండగా పి-63 కింగ్‌కోబ్రా అనే ఫైటర్ విమానం ఒక బి-17 బాంబర్‌ను ఢీకొంది. ఆరుగురు చనిపోయారు. వీడియో చూసినవాళ్లకు వెనకనుంచి వచ్చి ఢీకొన్నది కింగ్‌కోబ్రాయే కాబట్టి తప్పు దాని పైలట్‌దేననిపించడం సహజం. కానీ అమెరికా జాతీయ రవాణా భద్రతా సంస్థ (ఎన్‌టీఎస్‌బీ) దర్యాప్తులో బయటపడింది వేరు. ఏ విమానం ఏ ఎత్తులో ఎగరాలో ముందుగా చెప్పలేదు. గాలిలో ఉండగా అప్పటికప్పుడు ఇచ్చే ఆదేశాలనూ, పైలట్ల కంటిచూపునూ నమ్ముకున్నారు. కాక్‌పిట్‌లోంచి అన్ని వైపులా కనిపించదన్న సంగతి కెమెరాకు తెలియదు కదా!

నివేదిక వచ్చేదాకా నోరు మెదపకూడదని, అది మృతులకు మర్యాద అని కొందరంటారు. ఆ బాధ అర్థమవుతుంది. అయితే నివేదికకు రెండేళ్లు పట్టింది, ఈలోగా ఇలాంటి ప్రదర్శనలేమీ ఆగలేదు. పద్ధతులను ప్రశ్నించడానికి అంతకాలం ఆగనక్కర్లేదు, మనిషిపై నేరం మోపడానికి మాత్రం ఆగాలి. అసలీ పాత విమానాలను మ్యూజియంలో పెట్టేయమనేవారి వాదన డాలస్‌కు అతకదు. అక్కడ విఫలమైంది ఇంజిన్ కాదు, ప్రణాళిక. 2019లో కనెటికట్‌లోని బ్రాడ్లీ విమానాశ్రయంలో ఏడుగురిని బలిగొన్న మరో బి-17 కథ వేరు: అక్కడ పైలట్ పొరపాటుతో పాటు ఇంజిన్ల నిర్వహణ లోపాలూ బయటపడ్డాయి. ఆ ప్రమాదం తర్వాత 2020 మార్చిలో ఆ విమానాన్ని నడిపిన సంస్థకు డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి రద్దయింది.