గర్మీ ఛుట్టీల్లో ఏడు ఐతారాలు

ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూస్తే మళ్లీ జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఏడు వారాలు, ఏడు ఐతారాలు. పొద్దున మస్జిద్‌లో గర్మీ దీనియాత్ క్లాసులు ఉంటాయి కాబట్టి మామూలు రోజులు ఎట్లాగో గడిచిపోతాయి. శనివారం, ఐతారం వచ్చేసరికి ఇంట్లో జంగ్ మొదలు. రేకుల ఇల్లు, ఒక కూలరు, నలుగురు పిల్లలు, ఒక ఫోను. ఆ ఫోను ఎవరి చేతిలో ఉండాలన్నదే రోజంతా ముఖద్దమా.

"పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోండి" అని బీవీ అంటే మన దగ్గర రెండు జవాబులు తయారుగా ఉంటాయి. పైసల్లేవు అన్నది ఒకటి. ఇంత గర్మీలో ఎక్కడికి అన్నది రెండోది. రెండింట్లోనూ సగం నిజం ఉంది. మనం బయటికి అనని మూడో జవాబు ఒకటి ఉంది, అసలు అడ్డం అదే. సైర్-తఫ్రీహ్ అంటే ఫుజూల్ ఖర్చు, షరీఫ్ ఇళ్ల ఆడవాళ్లకు అదేం అవసరమని మన మనసులో ఎక్కడో నాటుకుపోయింది. ఈద్‌కి పుట్టింటికి, షాదీకి ఫంక్షన్ హాలుకి, బీమార్ పడితే దవాఖానాకి. మన ఖవాతీన్ ఇల్లు దాటేది చాలావరకు ఈ మూడింటికే.

దీన్ పేరు మీద ఈ మాట అనేవాళ్లకు దీన్‌లోంచే జవాబు ఉంది. హజ్రత్ ఆయిషా (రజి)తో హుజూర్ (స) పరుగు పందెం పెట్టుకున్నారని హదీసు పుస్తకాల్లో ఉంది. మస్జిదె నబవీలో హబ్షీలు బల్లేలతో ఆట ఆడుతుంటే, ఆవిడ చూసి చూసి విసుగొచ్చేదాకా ఆమెకు అడ్డుగా నిలబడి చూపించారనీ ఉంది. మేమారు మీద బయాన్లు ఇచ్చే ఉలమాలు ఈ రెండు సంగతులూ ఛుట్టీల ముందర ఒక జుమ్మాకి చెబితే ఎంత బాగుంటుంది! బీవీ-పిల్లల హఖ్ అన్నం, బట్టతోనే అయిపోదు కదా.

ఇక పైసల సంగతి. కిందటి గర్మీలో మేం ఆరుగురం ఒక మాల్‌కి పోయాం. లోపల చల్లగా ఉందన్నమాట నిజమే. కానీ ఆ చల్లదనంలో కూర్చోవడానికి ఒక్క బెంచీ సరిగా లేదు, కొనే చోటే కుర్చీ. పిల్లల ఆటలకు ఒక కార్డు, ఆ కార్డులో ముందే డబ్బులు, అరగంటలో ఖతం. పాప్‌కార్న్, బర్గర్లు, ఆటో కిరాయి కలిపి రెండు వేల ఆరు వందలు పోయాయి. ఇంటికొచ్చాక చిన్నవాడిని ఏం చూశావురా అంటే "ఎస్కలేటర్" అన్నాడు.

ఇప్పుడు గోల్కొండ లెక్క చూడండి. అది భారత పురావస్తు శాఖ కట్టడం. పెద్దలకు టికెట్ 25 రూపాయలు, 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు. మియా-బీవీ, నలుగురు పిల్లలు కలిసి వెళ్తే 50 రూపాయలు! తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు, అమ్మాయిలకు ఆర్టీసీ బస్సులో కిరాయి లేదు. పాతబస్తీ నుంచి మెహదీపట్నం, అక్కడ మారి కిలా. అమ్మీ, ఇద్దరు కూతుళ్లు ముఫ్త్‌లో వస్తారు, అబ్బాకి, కొడుకులకే టికెట్టు. ఆ ఉచిత బస్సులో మన ఆడవాళ్లు సరుకులకు పోతున్నారు, డ్యూటీకి పోతున్నారు, దవాఖానాకి పోతున్నారు. పిల్లల్ని పట్టుకుని కిలాకు పోయేవాళ్లు నాకు చాలా తక్కువ కనిపిస్తారు.

కిలాలో పిల్లలకు ఆట వెతికివ్వక్కర్లేదు. బాలాహిసార్ దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన కొండ మీద వినబడుతుంది. ఇద్దర్ని కింద నిలబెట్టి ఇద్దర్ని పైకి పంపండి, గంట తెలియకుండా గడుస్తుంది. తెలుగు మీడియం పిల్లలైతే రామదాసు ఖైదు చూసి, పాఠంలో చదివింది ఇక్కడేనా అని అడుగుతారు. అడగనివ్వండి. కంచర్ల గోపన్న కథ, తానీషా కథ రెండూ మన ఊరి కథలే.

దగ్గర్లోనే కుతుబ్‌షాహీ మఖ్బరాలు. ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు 2013 నుంచి ఏళ్లపాటు బాగుచేశారు. బడీ బావ్లీ మళ్లీ నీళ్లతో కనిపిస్తోంది. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. మఖ్బరాలకు పోవడం సరికాదనే భాయీలతో నాకు బహస్ లేదు. గుంబద్ చూడండి, ఫాతిహా చదవాలనుకుంటే చదవండి, తిరిగి రండి. ఇబ్రాహీం కుతుబ్‌షా సమాధి దగ్గర మాత్రం నేను పిల్లల్ని కాసేపు ఆపుతా. ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, ఆపకుండా ఉండలేను. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు ఆయనకు కావ్యం అంకితం ఇచ్చాడు. ఆయన దగ్గరి అమీన్ ఖాన్‌కి పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రాసిన యయాతి చరిత్రను అంకితం ఇచ్చాడు. తెలుగు మీది కాదు అని బడిలో ఎవరైనా అంటే మన బచ్చా ఏం జవాబు చెప్పాలో ఆ రాళ్ల దగ్గరే తెలుస్తుంది. కూతుళ్లకైతే హయాత్ బక్షీ బేగం గుంబద్ చూపించండి. ఒక సుల్తాన్‌కి కూతురు, ఒకరికి భార్య, ఇంకొకరికి తల్లి. మనం ఎక్కే హయాత్‌నగర్ బస్సు మీద ఉన్నది ఆమె పేరే.

కూతుళ్ల సంగతి విడిగా చెప్పాలి. కొడుకు అసర్ తర్వాత బ్యాటు పట్టుకుని గల్లీలోకి, మైదాన్‌లోకి పోతాడు. అమ్మాయికి పన్నెండు దాటాయంటే ఆ తలుపు మూసుకుంటుంది. ఏడు వారాలూ తమ్ముళ్లను చూసుకోవడం, రోటీలు చేయడం, ఫోను. తర్వాత మనమే అంటాం, అమ్మాయి ఫోన్‌లో పాడైపోతోందని. వేరే ఏ తలుపు తెరిచాం ఆమెకు? పబ్లిక్ గార్డెన్స్‌లో, అదే మన బాగె ఆమ్‌లో, జవహర్ బాల భవన్ ఉంది. పాట, బొమ్మలు, చేతిపనుల లాంటివి పిల్లలకు గర్మీలో నామమాత్రపు ఫీజుకి నేర్పుతారు. జీహెచ్‌ఎంసీ మైదానాల్లో కూడా ఏటా గర్మీ కోచింగ్ క్యాంపులు పెడతారు, ఆ ఫీజూ పెద్దదేం కాదు. మన మొహల్లాల నుంచి కొడుకుల పేర్లే రాయిస్తున్నారు. ఐదుగురు అమ్మాయిల్ని కలిపి ఒక ఖాలాని తోడు పంపితే పర్దాకి వచ్చిన ముష్కిల్ ఏమిటో నాకు అర్థం కాదు.

ఇక గర్మీ. ఇది మాత్రం బహానా కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం చంటి పిల్లతో గోల్కొండ ఎక్కమని ఎవరూ చెప్పకూడదు. కానీ ఇందులో సర్కారుకి కూడా వాటా ఉంది. కిలా తెరిచేది తొమ్మిదింటికి, మూసేది సాయంత్రం ఐదున్నరకి. మన మస్జిదుల్లో మే నెల అసర్ జమాత్ ఐదుంబావు ప్రాంతంలో. అంటే నమాజు చేసి, ఎండ తగ్గాక బయల్దేరితే అక్కడ తాళం. పొద్దున ఫజర్ ఐదింటికల్లా అయిపోతుంది, చల్లటి మూడు నాలుగు గంటలు ఉట్టినే పోతాయి. తాజ్‌మహల్‌ని సూర్యోదయానికి ముందే తెరుస్తారు. అదే శాఖ ఏప్రిల్, మే రెండు నెలలు గోల్కొండని ఆరింటికి తెరిస్తే ఏం పోతుంది? మన ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు ఎన్నికలప్పుడు గల్లీ గల్లీ తిరుగుతారు. వాళ్లను అడగాల్సిన పనుల్లో ఇదొకటి, పైసా ఖర్చు లేనిది.

జుమ్మా సంగతి కూడా అడగాలి. మదర్సాల్లో చదివే పిల్లలకు ఛుట్టీ శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియం మూసేది కూడా శుక్రవారమే. బాగె ఆమ్‌లో ఈజిప్టు మమ్మీ ఉన్న స్టేట్ మ్యూజియం కూడా శుక్రవారమే మూస్తారు. హాఫిజ్ అవుతున్న పిల్లవాడు తన ఊళ్లోనే ఉన్న ఈ రెండింటినీ చూడాలంటే సబఖ్ మానుకోవాలి, లేదంటే ఈద్ ఛుట్టీల దాకా ఆగాలి. మ్యూజియం రోజు మారడం కష్టమైతే మదర్సా వాళ్లే గర్మీలో ఒక్క ఐతారం ఛుట్టీ ఇచ్చి, ఉస్తాదులు దగ్గరుండి తీసుకుపోవచ్చు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. జూ పార్కు పిల్లలకు ఇష్టమే, కానీ 2025 మార్చిలో టికెట్లు పెంచాక పెద్దలకు 100, పిల్లలకు 50. గర్మీకి ఒక్కసారి చాలు, సోమవారం పోకండి, మూస్తారు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1891 నాటి కుతుబ్‌ఖానా ఆసఫియా, ఇప్పటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. చదివే అలవాటున్న పెద్ద పిల్లల్ని అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టొచ్చు. ఆంధ్రాలో కూడా 2025 ఆగస్ట్ 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. కర్నూలు వాళ్లకు కొండారెడ్డి బురుజు, బందరు వాళ్లకు మంగినపూడి సముద్రం, కడప వైపు వాళ్లకు గండికోట, అందులో జామా మస్జిద్. అక్కడి రాస్తాలు నాకన్నా మీకే బాగా తెలుసు.

తోషా ఇంటి నుంచే. ఖిచ్డీ, పొడి ఖీమా, చింతపండు ఖట్టా. ఎండలో కొబ్బరి, పెరుగు పదార్థాలు వద్దు, తొందరగా పులుస్తాయి. సురాహీ మోయలేం కాబట్టి తడి గుడ్డ చుట్టిన నీళ్ల సీసాలు, కైరీ షర్బత్. పొద్దున తిరిగేదంతా తిరిగేసి పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండాలి. ఆ వేళకు సాలార్‌జంగ్‌ని మించింది లేదు. మీర్ యూసుఫ్ అలీ ఖాన్ షాదీ చేసుకోలేదు, 1949లో చనిపోయే దాకా వస్తువులు కూడబెడుతూనే ఉన్నాడు. అదంతా ఇప్పుడు మన పిల్లలదే. రెబెకా బొమ్మ దగ్గర మా పెద్దమ్మాయి పావుగంట కదల్లేదు. సంగెమర్మర్‌లో చెక్కిన పల్చటి ముసుగు, దాని వెనక మొహం. రాయిలోంచి మొహం ఎట్లా కనబడుతోంది అబ్బా అని అడిగింది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కాడని చెప్పగలిగాను, అది కాదు ఆమె అడిగింది.

ఒక్క కష్టం మాత్రం ఉంది. జొహర్ వేళకు మగవాళ్లకు దగ్గర్లో మస్జిదులు బోలెడు. ఆడవాళ్లు వజూ చేసుకుని నాలుగు రకాతులు చదువుకోవడానికి ఒక గది, శుభ్రమైన బైతుల్‌ఖలా? దారుల్‌షిఫా చుట్టుపక్కల మస్జిద్ కమిటీల్లో ఒక్కటి ముందుకొచ్చినా ఛుట్టీల్లో ఎన్ని ఖాందాన్లు నిశ్చింతగా వస్తాయో. ఏసీల కోసం చందాలు పోగుచేస్తున్న కమిటీల సద్ర్ సాహెబ్‌లు ఇది చదివితే ఒకసారి ఆలోచించండి.

సాలార్‌జంగ్‌కి పోయేవాళ్లు పదకొండున్నరకల్లా లోపల ఉండండి. గడియారంలోంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలు కొట్టేది చూడటానికి ఐతారం జనం ముందే చేరతారు, వెనక నిలబడితే చిన్నపిల్లలకు కనబడదు.