అక్షయపాత్రయు, అపరిమిత డేటాయు

పాలు, గ్యాసు, కరెంటు బిల్లుల సరసకు క్రొత్తగా వచ్చి కూర్చున్న యొక గృహవ్యయమును గూర్చి ఈ మాసము ముచ్చటింపదలచితిమి. అది ఇంటర్నెట్టు ఖర్చు. పాలు ఎన్ని లీటర్లు వచ్చినవో మనకు తెలియును. కరెంటు మీటరు గుమ్మము ప్రక్కనే యుండును. ఈ డేటా యనునది మాత్రము కంటికి కానరాదు, చేతికి చిక్కదు. అయినను దానిని కొలిచియే యిచ్చుచున్నారు.

భారతకథలో సూర్యుడు ధర్మరాజున కిచ్చిన అక్షయపాత్ర మన కందరకు తెలిసినదే. పేరు అక్షయము. కాని ద్రౌపది భుజించిన వెనుక ఆ దినమున అందులో మెతుకు పుట్టదు. దుర్వాసుడు శిష్యులతో వచ్చినది సరిగా ఆ వేళకే. నేడు కంపెనీలు 'అన్‌లిమిటెడ్' అని అమ్ముచున్న పథకములలో పెక్కు ఇట్టివే. పెద్ద అక్షరములలో అపరిమితము, చిన్న అక్షరములలో 'ఎఫ్‌యూపీ' యను నియమము. ఇన్ని జీబీలు దాటిన పిదప తీగ తెగదు గాని, వేగము నత్తనడక పట్టును. సూర్యుడైనను నియమమును ముందే చెప్పి యిచ్చినాడు!

ఈ కొలత నేటిది కాదు. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టును వీఎస్‌ఎన్‌ఎల్ వారు 1995 ఆగస్టు 15న ఆరంభించినపుడు గంటల లెక్కన అమ్మిరి. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వారి బ్రాడ్‌బ్యాండు వచ్చినది. అప్పటి చౌక పథకములలో నెలకు 400 ఎంబీ, 1 జీబీ వంటి పరిమితు లుండెడివి. దాటినచో ఒక్కొక్క ఎంబీకి వెల. నాటి వేగము 256 కేబీపీఎస్. మావారు పలక మీద లెక్కవేసి చూపిరి: ఆ వేగముతో విడువక వాడినచో 1 జీబీ తొమ్మిది గంటలలోపే తీరిపోవును. నెలకు 720 గంటల తీగను అద్దెకిచ్చి తొమ్మిది గంటల సరకు పోసినారన్నమాట. 2017 మార్చిలో హైదరాబాదున ఒక కంపెనీ సెకనుకు ఒక గిగాబిట్ వేగమును, నెలకు 5,999 రూపాయలకు, 1 టీబీ పరిమితితో ప్రకటించినది. పూర్తి వేగముతో నడిపిన అదియు రెండుంబావు గంటలలోనే ముగియును. వేగము పెరిగినకొలది పాత్ర త్వరగా వట్టిపోవుట మాకు వింతగా తోచినది.

నాటి బీఎస్‌ఎన్‌ఎల్ పథకములలో కొన్నిటి యందు రాత్రి రెండు మొదలు ఉదయము ఎనిమిది వరకు వాడిన దానికి లెక్క లేదు. అందుచే ఎందరు విద్యార్థులు అలారము పెట్టుకొని రెండింటికి లేచి పుస్తకములు, పాఠములు దింపుకొనిరో! ఆ నియమమే అసలు సంగతిని బయటపెట్టుచున్నది. డేటా బియ్యము వలె వాడినకొలది తరుగు వస్తువు కాదు. చేవెళ్ల రోడ్డును చూడుడు. ఉదయము, సాయంకాలము బండ్లు కదలవు. అర్ధరాత్రి ఎవడు పోయినను ఎవనికిని అడ్డము లేదు. తీగయు అట్టిదే. ఇబ్బంది యెల్ల రాత్రి ఎనిమిదింటికి ఊరందరు ఒక్కసారి వాడుట వలన. నెల మొత్తమునకు ఇన్ని జీబీలని గీత గీచుట వలన ఆ ఎనిమిది గంటల రద్దీ ఎట్లు తగ్గునో మాకు బోధపడలేదు. రోడ్డు వెడల్పు చేయవలసినవాడు నడిచిన అడుగులు లెక్కించుచున్నాడు. విడువక వాడు ఒకరిద్దరి భారము తక్కినవారిపై పడరాదని కంపెనీవారు చెప్పుదురు. అందు కొంత న్యాయము లేకపోలేదు. అట్లయిన ఆ మాట పెద్ద అక్షరములలోనే వ్రాయవచ్చును గదా!

ఇది మన యొక్క యూరి మాటయే కాదు. కెనడాలో 2011 జనవరిలో అక్కడి నియంత్రణ సంఘము వాడకమును బట్టి బిల్లు వేయుట కనుకూలముగా తీర్పు చెప్పగా లక్షలాది ప్రజలు అర్జీపై చేవ్రాలు చేసిరి. ప్రభుత్వము పునర్విచారణ కోరినది, ఆ సంవత్సరము నవంబరులో తీర్పు మారినది. చిలుకూరు బాలాజీకి నూటయెనిమిది ప్రదక్షిణములు చేసి అమెరికా వెళ్లిన మన పిల్లలలో కొందరికిని ఈ బాధ తెలియును. అక్కడ కామ్‌కాస్ట్ అను పెద్ద కంపెనీ 2008లో నెలకు 250 జీబీ హద్దు పెట్టినది. తరువాత దానిని పెంచి, దాటిన ప్రతి 50 జీబీకి 10 డాలర్లు వసూలు చేసి, 2025లో క్రొత్త పథకముల నుండి ఆ హద్దును తొలగించినది.

ఇక మా అజీజ్‌నగర్. ఇటు హిమాయత్‌సాగరు, అటు గండిపేట, నడుమ ఇంజనీరింగు కళాశాలలు. ఇందరు చదువరులున్న చోట పెక్కు ఇండ్లు నేటికిని ఫోనులోని దినమునకు ఒకటిన్నర జీబీ మీదనే బ్రతుకుచున్నవి. మధ్యరకపు స్పష్టతతో గంట పాఠము చూచిన ఇంచుమించు అర జీబీ పోవును. తల్లి ఫోనులోని డేటాను హాట్‌స్పాటు చేసి పిల్లలకు పంచును. రాత్రి ఆమె పుట్టింటికి వీడియో కాలు చేయబోవునప్పటికి పాత్ర ఖాళీ. అందరును తిన్న పిదప కుండ గోకుకొనుట మనకు అలవాటే గావున దీనిని కష్టమని ఎవరును చెప్పరు.

2020 సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రమున బడి పాఠములను టీ-శాట్ లోను, దూరదర్శన్ యాదగిరిలోను ప్రసారము చేసిరి. టీవీ పాఠమునకు జీబీ లెక్క లేదు, అది మేలైన పని. మిషన్ భగీరథ నీటి గొట్టముల వెంట వేసిన టీ-ఫైబర్ తీగ 2024 డిసెంబరులో కొన్ని గ్రామములలో ప్రయోగముగా నెలకు 300 రూపాయలకు వచ్చినది. మంచినీటితోపాటు ఒకే కందకమున వచ్చు సౌకర్యమునకు నీటివలెనే ఊరూర హక్కు కలుగవలెనని మా అభిప్రాయము.

కొనునపుడు అడుగవలసిన వివరములు కొన్ని గలవు. హద్దు ఎన్ని జీబీలు? దాటిన పిదప వేగమెంత? ప్రకటించిన ధరలో పన్ను చేరినదా? 499 అన్న పథకము 18 శాతము జీఎస్టీతో 588 రూపాయల 82 పైసలగును. ట్రాయ్ 2016 అక్టోబరు 31న ఇచ్చిన ఆదేశము ప్రకారము ఇంటి బ్రాడ్‌బ్యాండు వాడుకరికి హద్దులో సగము, తొంబది శాతము వాడకము కాగానే సందేశము పంపవలెను. పిదప వేగము 512 కేబీపీఎస్‌కు తగ్గరాదని నాటి ఆ ఆదేశమున నుండెను. ఆ వేగముతో ఉత్తరము చదువవచ్చును గాని, మధ్యరకపు స్పష్టతతో పాఠము చూడ వీలు కాదు.

మా వీధిలోని యొక యిల్లాలు, "అక్కా, అన్‌లిమిటెడ్ అని చెప్పిండ్రు గదా, ఇరవై తారీఖుకే చక్రం తిరుగుతాంది, మరి ఇదేంది?" అని వచ్చినది. పథకము 200 జీబీలది. ఇంటిలో అప్పటికే తీర్పు జరిగిపోయినది: ఇంటరు చదువుచున్న కూతురు పాఠములు చూచుట వలననే అంతయు పోవుచున్నదట, ఆమె ఫోను తీసి అలమరలో పెట్టినారు. కుమారుని ఫోను అతని చేతిలోనే యున్నది. పరీక్షలు రెండు నెలలలో. మేము క్యాలెండరుపై దినదినము లెక్క వ్రాయుడని చెప్పితిమి. పది దినములు వ్రాసిరి. దినమునకు పది జీబీలు. అందు బాలిక పాఠములు ఒక్కటి, ఫోనులన్నియు రెండు, హాలులోని పెద్ద టీవీ ఏడు. ఆ టీవీ ఎవరు చూచినను, చూడకున్నను మిక్కిలి స్పష్టతతో సీరియళ్లు నడుపుచున్నది. స్పష్టత తగ్గించగా టీవీ వాడకము రెండున్నరకు దిగినది. అత్తగారికి తేడాయే తెలియలేదు. బాలికకు ఫోను తిరిగి వచ్చినది. ఆ మరుసటి నెలాఖరున 35 జీబీలు మిగిలినవి. వానిని వచ్చు నెలకు కలుపుదురా యని కంపెనీవారిని అడిగించితిమి. కలుపరట.