ఏమీ జరగని ఆ తొమ్మిది నిమిషాలు

2020 ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి దేశమంతా లైట్లు ఆర్పి దీపాలు వెలిగించింది. తొమ్మిది నిమిషాలయ్యాక స్విచ్చి వేస్తే లైటు వెలిగింది. మర్నాడు ఫోన్లలో చాలామంది అన్న మాట ఒకటే: ‘గ్రిడ్ కూలుతుందని ఊరికే భయపెట్టారు, ఏమైంది?’ ఆ మాట నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఒక పక్క కుండ తీసేస్తే రెండో పక్కకు ఒరిగిపోయే కావడి లాంటిది గ్రిడ్. ఏ క్షణాన ఎంత కరెంటు వాడుతున్నామో ఆ క్షణాన అంతే తయారు కావాలి. వాడకం ఒక్కసారిగా పడిపోతే 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ పైకి లేస్తుంది. అది హద్దు మీరితే జనరేటర్లు ఒకదాని వెంట ఒకటి ట్రిప్ అవుతాయి. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. అప్పుడు కారణం వేరు, లైన్ల మీద మోయలేనంత లోడు. దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండబట్టి మనకు ఆ సెగ తగల్లేదు. 2013 చివరి రోజున రాయచూరు–షోలాపూర్ లైనుతో మనమూ మిగతా దేశపు గ్రిడ్‌తో కలిశాం. అంటే 2020లో ఎక్కడ తేడా వచ్చినా మన ఇళ్లకూ చీకటే.

లైట్లు ఆర్పమని ప్రధాని పిలుపు వచ్చింది ఏప్రిల్ 3 ఉదయం. ఇంజినీర్లకు మిగిలింది మూడు రోజులైనా కాదు. బొగ్గు బాయిలర్‌ను నిమిషాల్లో పెంచలేం, దించలేం. నీటి టర్బైన్‌కు ఆ వీలుంది. అందుకే 5వ తేదీ సాయంత్రం జలవిద్యుత్తును పొదుపుగా వాడి, థర్మల్, గ్యాస్ కేంద్రాలతో నెట్టుకొచ్చారు. తొమ్మిది దగ్గరపడుతుండగా థర్మల్‌ను తగ్గించి టర్బైన్లను నిండుగా తిప్పారు. ఇళ్లలో లైట్లు ఆరుతున్న కొద్దీ ఆ టర్బైన్లను దించుతూ పోయారు. పాతిక నిమిషాల్లో తగ్గించిన జలవిద్యుత్తే దాదాపు 17,500 మెగావాట్లు. వెంటనే మళ్లీ పెంచాలి, అదీ అంతే వేగంగా.

వాడకం 12 నుంచి 14 వేల మెగావాట్లు పడిపోవచ్చని వేసిన అంచనా తప్పింది. పడింది 31 వేలకు పైగా! ఆ సంఖ్య తెర మీద దిగిపోతుంటే గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చున్నవాళ్ల గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఊహించడానికే భయమేస్తుంది. అయినా ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యే ఆడింది. పైగా అది లాక్‌డౌన్ కాలం. బయటికి రావద్దని అందరికీ చెప్పిన రోజుల్లో వీళ్లు డ్యూటీకి వెళ్లారు.

కూలిన గ్రిడ్ మీద విచారణ కమిటీ వేశారు, పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. కూలకుండా నిలబెట్టిన రాత్రి మీద గ్రిడ్ నిర్వాహక సంస్థ పోసోకో వివరమైన నివేదికే రాసింది. దాన్ని ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠంగా చెప్పాలి. కోతల్లేని వేసవి గడిస్తే ‘ఇంతమంది సిబ్బంది ఎందుకు’ అనడం మనకు చాలా తేలిక. శాసనసభలో విద్యుత్ పద్దు మీద మాట్లాడే సభ్యులు ఎన్ని గంటలు కరెంటు పోయిందని నిలదీస్తారు, మంచిదే. దాంతోపాటు డిస్పాచ్ సెంటర్లో రాత్రి షిఫ్టుకు ఎందరున్నారు, సబ్‌స్టేషన్లలో ఖాళీలెన్ని, కొత్తగా చేరినవాళ్లకు ఇలాంటి రాత్రుల కోసం ఏ శిక్షణ ఇస్తున్నారు అని కూడా అడగాలి. జవాబు సభ రికార్డుల్లోకి ఎక్కాలి.