ఉపసూచీ పెరిగితే ఆంక్షలు, పడిపోతే మౌనమా?

కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా వినియోగదారుల ధరల సూచీని ప్రకటిస్తుంది. మరునాడు పత్రికల్లో 'ఆహార ద్రవ్యోల్బణం' పతాక శీర్షిక అవుతుంది. ఈ లెక్క ఏమిటో రైతాంగం తెలుసుకోవాలి. ఎందుకంటే దీన్ని చూపించే మన పంట ధరకు కోత పెడుతున్నారు.

ఆధార సంవత్సరం ధరలను 100గా తీసుకుని, ఆ తర్వాత అవి ఎంత మారాయో చెప్పే అంకె సూచీ. దాన్ని తిండి, బట్ట, ఇంటి అద్దె, ఇంధనం అని విడదీసి దేనికది లెక్కగడితే వచ్చేవి ఉపసూచీలు. 2012 ఆధారంగా తయారైన సూచీలో ఆహార, పానీయాల వాటా 45.86 శాతం. అందుకే ఉల్లి, టమాటా ధర కదిలితే మొత్తం సూచీ కదులుతుంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలన్నది రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన లక్ష్యం.

ఆహార ధరల పేరు చెప్పి 2022 మేలో గోధుమల ఎగుమతిని నిషేధించారు. 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యాన్ని, డిసెంబరులో ఉల్లిని ఆపేశారు. మరి 2025 అక్టోబరులో ఆహార ఉపసూచీ అంతకు ముందు ఏడాదికన్నా 5 శాతం దిగువకు పడిపోతే? ధరలు అదుపు చేశామని చెప్పుకున్నారు. అదే ఏడాది కర్నూలు ఉల్లి రైతు ధర లేక విలవిల్లాడాడు.

ధరలు పెరిగితే పేదలకు కష్టం కాదా అని అడుగుతారు. కష్టమే. కూలీలు, కౌలు రైతులు కూడా కొనుక్కు తినేవాళ్లే. ఆ భారాన్ని రేషన్ దుకాణంలో పప్పు, నూనె ఇచ్చి ప్రభుత్వం మోయాలి. రైతు జేబులోంచి లాగడమేమిటి? పైగా ఈ సూచీ చూసేది దుకాణంలో ధరను, కల్లం దగ్గర ధరను కాదు. ఎరువు, డీజిల్, కూలి ఖర్చు పెరిగి రైతుకు ఎంత మిగిలిందో అది చెప్పదు.

రైతుకు వచ్చే ధరలను, రైతు చెల్లించే ధరలను పోల్చే సూచీని కేంద్ర వ్యవసాయ శాఖ ఇప్పటికే లెక్కిస్తోంది. దాన్ని పంటలవారీగా విడదీసి నెలనెలా ప్రకటించాలి. అది పడిపోయిన వెంటనే మద్దతు ధరకు కొనుగోళ్లు మొదలుపెట్టాలి. పంట చేతికొచ్చే వేళ ఎగుమతి ఆంక్షలు పెట్టరాదు. మద్దతు ధరకు సమగ్ర ఉత్పత్తి వ్యయంపై 50 శాతం కలిపి చట్టబద్ధత కల్పించాలని డిమాండ్ చేస్తున్నాం.

గ్రామ సభల్లో ఈ లెక్కను చర్చించండి. అధికారులు అంకెలు చెప్పినప్పుడు అవి ఎవరి ధరలో నిలదీయండి.