చుక్కను చూచు కన్ను

"యంత్రమే వ్యాసము వ్రాయునప్పుడు మేమెందుకు నేర్వవలెను, సార్?" అని ఈ సంవత్సరము తరగతిలో ఒక విద్యార్థి మమ్ము ప్రశ్నించెను. ఆ ప్రశ్నలో వెటకారము లేదు. రేపటి ఉద్యోగమును గూర్చిన భయము కలదు. కనుక సమాధానము చెప్పుట మా విధి.

హైదరాబాదులోని ఛత్తాబజారు నెరిగినవారికి కాతిబులనగా ఎవరో తెలియును. నస్తాలీఖు లిపి సీసపు అక్షరములకు లొంగనందున, ఉర్దూ పత్రికలు చిరకాలము వారి చేతివ్రాతతోనే వెలువడెడివి. పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షరగుచ్ఛములను వ్రాసి, 1981 నాటికి నూరీ నస్తాలీఖు పేర వానిని యంత్రమున కందించిరి. 1994లో ఇన్‌పేజ్ వచ్చెను. కలమును నమ్ముకొన్నవారిలో పెక్కురు జీవనోపాధిని కోల్పోయిరి. యంత్రము ఎవరి పొట్టా కొట్టదని మేము చెప్పజాలము.

అయినను ఒక పని మిగిలెను. ఉర్దూలో 'ఖుదా' అను మాట మీది చుక్క క్రిందికి జారినచో 'జుదా' అగును. దైవము పోయి ఎడబాటు మిగులును. అక్షరములు కూర్చు యంత్రమునకు రెండును ఒక్కటే. ఆ తప్పు పట్టువాడు భాష నెరిగిన మనుష్యుడే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు పరీక్ష మరింత కఠినమైనది. పాత యంత్రము చేతి పనిని తీసికొన్నది. ఇది వాక్యమునే కూర్చుచున్నది. ఉత్తరములు వ్రాయుట, అనువదించుట, డేటా ఎంట్రీ, కాల్ సెంటరు సమాధానములు, చిన్న ప్రోగ్రాములు—మన పట్టభద్రులు తొలుత కాలుమోపు కొలువులే దీని దారిలో నున్నవి. దీని తప్పు చుక్కవలె కంటికి కనబడదు. లేని గ్రంథమును ఉన్నట్లు, జరుగని సంగతిని జరిగినట్లు చక్కని భాషలో చెప్పగలదు.

కళాశాల సంఘము వారికి మా మనవి: కంప్యూటర్లు కొనుటతోనే సరిపెట్టవలదు. వారమున కొక గంట కేటాయింపుడు. ఒక ఉర్దూ వార్తను విద్యార్థి మొదట స్వయముగా తెనిగించవలెను. పిదప యంత్రముచేత తెనిగింపించి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి లోపము లెన్నవలెను. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఆంగ్లము గల మన పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. దానిని భారమని తలచి వదలుకొనుట తగదు.

ఆ విద్యార్థికి మా సమాధానము ఇదియే. నాయనా, వ్రాయుట నేర్వనివాడు యంత్రము వ్రాసినదానిని దిద్దలేడు. దిద్దలేనివానికి జీతమిచ్చువారు అరుదగుదురు. అందుకే నేర్వవలెను.